ఐదో ముక్క

లిపోత్ మాస్టారు రోజూ గుమ్మం బయటే టోపీ దులుపుకుని లోపలికి వచ్చేవాడు. ఆ బుధవారం మాత్రం టోపీ మీది మంచుతోనే వచ్చాడు. రొట్టెల కొట్టులోని వేడికి ఆ మంచు కరిగి కళ్ళద్దాల మీదికి కారింది. ఆయన తుడుచుకోలేదు.

పిరొష్కా అప్పటికే ఆయన కోసం పావు రొట్టె కోసి కాగితంలో పెట్టింది. యుద్ధానికి ముందు ఆ ఇంటికి రోజుకి రెండు రొట్టెలు వెళ్ళేవి. ఆయన, ఆయన భార్య, కూతురు సెరేన్, ఇద్దరు మగపిల్లలు. అప్పట్లో పొయ్యి ముందు నిలబడేది పిరొష్కా వాళ్ళ నాన్న. ఇప్పుడు ఆ ఇంట్లో మాస్టారు ఒక్కడే. ఈ పొయ్యి ముందు పిరొష్కా.

“ఉత్తరం వచ్చిందమ్మాయ్,” అన్నాడు మాస్టారు. “ఆచూకీలు తీసే ఆఫీసు నుంచి. నాలుగు నెలల కిందట రాశాను. ఇవాళ జవాబిచ్చారు.”

లోపలి జేబులోంచి కాగితం తీశాడు గానీ విప్పలేదు. అందులో ఉన్నది ఆయనకి నోటికి వచ్చేసింది.

“హేల్లర్ సెరేన్. తొకాయ్ ఊరు. పంతొమ్మిదేళ్ళు. జ్వరం. పంతొమ్మిది వందల నలభై అయిదు, జనవరి ఇరవై ఏడు. క్యాంపు వాళ్ళ రిజిస్టర్లో ఉందట. తగలబెట్టకుండా మిగిలిన వాటిలో ఈ పేజీ ఉందట.” వేళ్ళ కణుపులు లెక్కపెట్టాడు. “లెక్క కట్టి చూశాను. మన యూదుల లెక్కలో షెవాట్ నెల పదమూడు. అంటే వచ్చే మంగళవారం. తిథి ముందు సాయంత్రమే మొదలవుతుంది, సోమవారం పొద్దు వాలకముందే దీపం పెట్టాలి.”

పిరొష్కా రొట్టె చుట్టిన కాగితం మడత పెట్టింది. ఒకసారి పెట్టిన మడతనే మళ్ళీ పెట్టింది.

“నా భార్యకీ మగపిల్లలకీ రైలు దిగిన రోజునే తిథి అనుకున్నాను. ఊళ్ళో అందరం అలాగే అనుకున్నాం కదా. ఆ రోజు వస్తే వీధి వీధంతా ఒకటే దీపాలు. సెరేన్‌కి ఒక్కదానికే తనదంటూ ఒక రోజుంది. ఇన్నాళ్ళూ అదేమిటో నాకు తెలీలేదు.” ఆయన ఉత్తరాన్ని జేబులో పెట్టుకున్నాడు. “ఆ క్యాంపు నడిపినవాళ్ళు అన్ని రకాలుగానూ దుర్మార్గులే. లెక్కల్లో మాత్రం తప్పు చేసేవాళ్ళు కాదు.”

రొట్టె అందుకుంటూ ఎప్పుడూ అడిగేదే అడిగాడు. “నీ వాంగ్మూలం ఇంకా రాయలేదు, పిరొష్కా. తిరిగి వచ్చిన వాళ్ళలో ముప్పై ఒక్క మందివి రాశాను. నీదీ, హెర్మినాదీ మిగిలాయి. రాజధానిలో కమిటీ వాళ్ళు నెలాఖరుకి పుస్తకాలు పంపమంటున్నారు.”

ఎప్పుడూ ఆమె చెప్పే జవాబు ఒకటుంది. పొయ్యి ఆరిపోతుంది మాస్టారూ, తర్వాత చూద్దాం. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

“శుక్రవారం వస్తాను,” అంది. “బడి వదిలాక.”

ఆయన వెళ్ళాక తలుపు సరిగా పడలేదు. సన్నగా చలి లోపలికి వస్తూ ఉంది. పిరొష్కా వెళ్ళి తలుపు వేయలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడి లెక్క పెట్టుకుంది. అది పెద్ద లెక్కేమీ కాదు. పదమూడులోంచి మూడు తీసేయాలి, అంతే. షెవాట్ పది ఈ శనివారం. దీపం పెట్టాల్సింది సోమవారం కాదు, ఎల్లుండి శుక్రవారం సాయంత్రం.

ఆ సంగతి తెలిసి ఇప్పుడు భూమ్మీద మిగిలినవాళ్ళు ఇద్దరే. ఒకరు తను. రెండో మనిషి వెనక గదిలో చేతుల నిండా పిండితో నిలబడి అంతా వింటోంది.

“ఏం పోయేకాలం వచ్చిందే నీకు?” అంది హెర్మినా. “శుక్రవారం వస్తానని అంటావా? పోయి ఏం చెప్తావు?”

“ఉన్నది చెప్తాను.”

“ఆహా. ఉన్నది చెప్తుందట. సరే, పో. అయ్యా మాస్టారూ, మీ అమ్మాయి పోయాక మేం మూడు రోజులు దాని పక్కనే పడుకున్నాం, దాని రొట్టె మేం తిన్నాం, చాలా బాగుంది, అని చెప్పు. ఆయన పలకా బలపం పట్టుకుని రాసుకుంటాడు.”

హెర్మినా పిరొష్కా కన్నా ఐదేళ్ళు పెద్ద. జూన్ నెలలో ఇద్దరూ ఒకే సరుకుల బండి మీద ఊరికి తిరిగొచ్చారు. హెర్మినా ఇంట్లో వేరే ఎవరో కాపురముంటున్నారు. అప్పటి నుంచి కొట్టు మీది గదిలో ఇద్దరూ ఉంటున్నారు. హెర్మినా తల మీద జుట్టు చీపురు పుల్లల్లా నిలబడి మొలిచింది. దాన్ని తనే వెక్కిరించుకుంటుంది. దేన్నయినా వెక్కిరించి పక్కన పెట్టేయడం ఆమెకి చేతనవును. ఇంకో రెండు వారాల్లో మిష్కోల్త్స్ పట్నంలో దర్జీ పనిచేసే మోర్ అనే అతనితో ఆమెకి పెళ్ళి.

“హెర్మీ, ఆయన సోమవారం దీపం పెడతాడు. ప్రతి ఏడూ అదే రోజు పెడతాడు. బతికున్నన్నాళ్ళూ.”

“పెట్టనీ. దీపమేమన్నా తేదీ అడుగుతుందా?”

“ఆ రోజు పోలేదు కదా సెరేన్. ఆ రోజు మనం చెప్పాం, అంతే. మనం ఆడిన అబద్ధం వాళ్ళ రిజిస్టర్లోకి ఎక్కింది. అక్కడి నుంచి ఉత్తరంలోకి వచ్చింది. ఇప్పుడు ఆయన దాని ముందు నిలబడి ప్రార్థన చదువుతాడు.”

హెర్మినా పిండిని బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టింది.

“మోర్‌కి నేనేం చెప్పలేదే. అతనూ నన్నేం అడగలేదు. పెళ్ళయ్యాక కూడా అడగడు, మంచివాడు. ఆ పుస్తకాలు రాజధానికి వెళ్తాయి. పేర్లతో సహా వెళ్తాయి. నేను చచ్చినదాని నోటి కాడ కూడు తిన్నానని అక్షరాల్లో ఉంటుంది.”

“నీ పేరు రానివ్వను.”

“ఎలా రానివ్వవు?”

“నేనే తిన్నానని చెప్తాను. నేను ఒక్కదాన్నే.”

 హెర్మినా పిండి తీసుకుని మూడు పాయలు చేసి, శుక్రవారపు జడరొట్టె అల్లడం ఎలాగో పిండికి నేర్పుతున్నట్టు తిట్టడం మొదలుపెట్టింది. అది బుధవారం. జడరొట్టెకి ఇంకా రెండు రోజులుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి పిరొష్కా బడికి వెళ్ళింది. చంకలో తెల్లటి గుడ్డలో చుట్టిన జడరొట్టె ఉంది. పొద్దు వాలగానే మొదలయ్యే సబ్బాతు విశ్రాంతి దినానికి మాస్టారికి ప్రతివారం తనే ఇస్తుంది. వెనక నాలుగడుగుల దూరంలో హెర్మినా నడిచింది.

“నేను రావడం లేదు,” అంది నడుస్తూనే. “నువ్వు మాట తప్పకుండా చూడ్డానికి వస్తున్నాను.”

తరగతి గదిలో పిల్లల బెంచీలు పదహారున్నాయి. ఇప్పుడు పిల్లలు నలుగురే కాబట్టి ముందు రెండు బెంచీలు మాత్రమే తుడిచి ఉన్నాయి. హెర్మినా వెనక బెంచీలో, దుమ్ములో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుంది.

“హెర్మినా, నువ్వు ఎప్పుడూ అక్కడే కూర్చునేదానివి,” అన్నాడు మాస్టారు.

“అక్కడైతే మీ బెత్తం అందదు కదండీ.”

మాస్టారు చిన్నగా నవ్వాడు. సిరాబుడ్డి మూత తీశాడు. పుస్తకంలో కొత్త పేజీ తిప్పి పైన పేరు, పుట్టిన ఏడు, వృత్తి రాశాడు. ఒక్కో వాక్యం చెప్పాక ఆగమన్నాడు. తొందరపడొద్దన్నాడు. ఏడుపొస్తే ఏడవమన్నాడు. అది రాయనన్నాడు.

పిరొష్కా మొదటి నుంచీ చెప్పింది. రైలు. రైలు దిగిన చోట రెండు వరసలు. అమ్మ ఏ వరసలోకి వెళ్ళిందీ. జుట్టు గొరిగిన ఆడవాళ్ళు ఒకరినొకరు గుర్తుపట్టలేక పేర్లు పెట్టి అరవడం. సెరేన్ తన ఎదురుగానే నిలబడి, పిరొష్కా ఎక్కడుంది అని తననే అడగడం. అక్కడి నుంచి ఆరు వారాల తర్వాత తుపాకి గుళ్ళ ఫ్యాక్టరీ. రోజుకి పన్నెండు గంటలు నిలబడే పని. మందు పొడికి చేతులూ కనుగుడ్లూ పసుపురంగు తేలేవి. మాట్లాడితే దెబ్బ. కింద కూర్చుంటే దెబ్బ. ఒకామె చలికి సిమెంటు సంచి కాగితం గౌను కింద కట్టుకుందని, ఫ్యాక్టరీ ఆస్తి దొంగిలించిందని, అందరి ముందూ నిలబెట్టి మంచులో నీళ్ళు పోశారు. ఆమె పేరు పిరొష్కాకి తెలియదు. రాయడానికి పేరు కావాలా అని అడిగింది.

“తెలియదని రాస్తాను,” అన్నాడు మాస్టారు. “అది కూడా రాయాల్సిందే.”

 మాస్టారు ఇలాంటివి ముప్పై ఒక్కసార్లు రాశాడు.  గుండ్రటి అక్షరాలు, గీత దాటవు.

“రొట్టె గురించి చెప్పు,” అన్నాడు. “ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను. ఒక్కో చోట ఒక్కోలా ఉందట.”

“ఐదుగురికి ఒక రొట్టె అండీ. బల్లపడక మీద మేం ఐదుగురం. నేనూ, సెరేనూ, గ్రీసు నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు అలెగ్రా, ఆమె చెల్లెలూ, ఇంకొకరూ. సాయంత్రం ఇచ్చేవారు. కత్తి ఉండకూడదు. దుప్పట్లోంచి తీసిన దారంతో కోసేదాన్ని. రొట్టెలవాడి కూతురినని ఆ పని నాకిచ్చారు. దారంతోనే కొలిచేదాన్ని, దారంతోనే కోసేదాన్ని. ఎంత కొలిచినా ముక్కలు ఒక్కలా ఉండవు. ఒకదానికి చివరి గట్టి ముక్క వస్తుంది, ఒకదానికి రాదు. అందుకని కోసినవాళ్ళు పంచకూడదు. పంచేవాళ్ళు చూడకూడదు. అది మా కట్టుబాటు. ఒకరు గోడవైపు తిరిగి పడుకుంటారు. నేను ఒక ముక్క మీద వేలు పెట్టి, ఇది ఎవరికి అంటాను. గోడవైపున్న మనిషి ఒక పేరు చెప్తుంది. ఆ ముక్క వాళ్ళది. ఇంక మాట లేదు. పొడి రాలితే ఆ పొడి వంతుల వారీగా.”

మాస్టారు అదంతా రాశాడు. “ఎవరూ తగువు పడలేదా?”

“ఆ ఒక్క దగ్గర మాత్రం పడలేదండీ. చెప్పుల కోసం కొట్టుకున్నాం. దుప్పటి కోసం జుట్లు పట్టుకునేవాళ్ళమే, జుట్టుంటే.”

వెనక బెంచీలోంచి హెర్మినా ముక్కుతో నవ్వింది.

“ఇప్పుడు సెరేన్ గురించి,” అన్నాడు మాస్టారు. అక్షరాలు మాత్రం అంతకు ముందులాగే గుండ్రంగా పడుతున్నాయి. “జూన్‌లో నువ్వు చెప్పావు. జ్వరం వచ్చిందని, నిద్రలో పోయిందని. మళ్ళీ చెప్పు. వరసగా.”

“జనవరిలో జ్వరాలు మొదలయ్యాయండీ. మా షెడ్డుకి బయట తాళం వేసేశారు. ఫ్యాక్టరీ లేదు. మనుషుల లెక్క కూడా పడుకున్న చోటే. షెడ్డు పెద్ద, ఆమె కూడా ఖైదీయే, పొద్దునా సాయంత్రం కర్ర పట్టుకుని వచ్చేది. ఒక్కొక్కరం ఒక్కో పాదం బల్ల అంచు బయటికి పెట్టాలి. ఒక్కో మనిషికి ఒక్కో అరికాలి మీద కొట్టేది. కదిలితే ఒకటి, బతికున్నట్టు. అలా లెక్క.” పిరొష్కా ఒడిలో ఉన్న గుడ్డమూట అంచులు సర్దింది. “మాస్టారూ, జూన్‌లో మీరు తేదీ అడిగారు. రోజులు తెలిసేవి కావన్నాను. అది అబద్ధం.”

కలం ఆగింది.

“మా బల్ల మీద రోజులు తెలిసేవి. సెరేన్ చెప్పేది. రోజూ కళ్ళు తెరవగానే, ఇవాళ ఫలానా నెల ఫలానా తేదీ అని. పండగ ఎన్ని రోజులుందో కూడా చెప్పేది. నెలకి ఇరవై తొమ్మిదా ముప్పయ్యా అన్నది మీరు వేళ్ళ మీద నేర్పారట. జ్వరంలో కూడా తప్పలేదు. ఆఖరి రోజు పొద్దున కూడా చెప్పింది. ఇవాళ బుధవారం, షెవాట్ పది అంది. సూపు వచ్చేసరికి లేదు.”

“పది,” అన్నాడు మాస్టారు.

“పదేనండీ. పదమూడు కాదు.”

“రిజిస్టర్లో ఉన్న తేదీకి పదమూడు వస్తుంది.”

“మేం చెప్పింది పదమూడునండీ.” అంతలోనే దిద్దుకుంది. “నేను చెప్పింది.”

మాస్టారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. అవి లేకపోతే ఆయన ముఖం వేరే మనిషి ముఖంలా ఉంటుంది. ఎందుకు అని ఆయన అడగలేదు. పిరొష్కా ఆయన అడుగుతాడనే అనుకుంది, అడిగితే జవాబు చెప్పడం తేలిక. అడగకుండా చెప్పడానికి ఆమె కిటికీవైపు చూడాల్సి వచ్చింది. బయట ఎవరో తోపుడు బండి మీద కట్టెలు తోసుకుపోతున్నారు.

“చనిపోయిందని చెప్తే ఆ సాయంత్రం నుంచి నాలుగు వంతులే వస్తాయి. చెప్పలేదు. దుప్పటి గడ్డం దాకా కప్పి, ముఖం నావైపు తిప్పాను. చలికి ఎవరికీ ఏమీ తెలియలేదు. బుధవారం, గురువారం, శుక్రవారం. మూడు సాయంత్రాలు. శనివారం పొద్దున చెప్పాను. దాని రొట్టె తిన్నది నేను. కోసింది నేను, పెట్టుకున్నది నేను, తిన్నది నేను. అందుకని తేదీ తప్పు పడింది.”

మాస్టారు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. రాశాడు. ప్రతి వాక్యమూ రాశాడు. తర్వాత ఒక పేజీ వెనక్కి తిప్పి, చూపుడువేలు ఒక వరస కింద పెట్టాడు. లెక్క తప్పు చేసిన పిల్ల పలక మీద ఆ వేలు అలాగే పెట్టేవాడు.

“ఇక్కడ ఏం చెప్పావో చదువుతాను. కోసినవాళ్ళు పంచకూడదు. పంచేవాళ్ళు చూడకూడదు. అది మా కట్టుబాటు.” తల ఎత్తలేదు. “కోసింది నువ్వైతే, ఐదో ముక్క సెరేన్‌దని చెప్పింది ఎవరు?”

పిరొష్కా నోరు తెరిచింది. ఈ రెండు రోజులూ ఆమె ఎన్నో మాటలు పేర్చుకుంది. ఈ ఒక్క చోట ఖాళీ ఉందని ఆమెకి తట్టలేదు. రొట్టె ముక్క తనకి తానుగా ఎవరిదీ కాదు. పేరు పిలిస్తేనే అది ఒకరిది అవుతుంది. పిలిచే మనిషి లేకుండా ఆ బల్ల మీద ఎవరూ, ఒక్కనాడూ, ఏమీ తినలేదు.

“ఎవరూ… ఆ మూడు రోజులూ నేనే…”

“ఐదుగురిలో నువ్వు, సెరేన్, ఆ అక్కచెల్లెళ్ళు. ఇంకొకరు అన్నావు. ఆ ఇంకొకరి పేరు చెప్పలేదు.”

వెనక బెంచీ కిర్రుమంది.

“ఆపవే ఇంక,” అంది హెర్మినా. “నీకు అబద్ధమాడ్డం ఆ రోజుల్లోనూ రాలేదు, ఇప్పుడూ రాదు. నేను పిలిచాను మాస్టారూ. మూడు సాయంత్రాలూ నేనే. తిన్నది కూడా ఇదొక్కతే కాదు. ఆ ముక్కని మళ్ళీ దారంతో నాలుగు చేసింది. నలుగురం తిన్నాం. నా వంతు నేను తిన్నాను, వేలు కూడా నాకాను. రాసుకోండి. నా పేరు తెలుసు కదా, స్పెల్లింగు మీరే నేర్పారు.”

ఆమె బెంచీల మధ్యలోంచి ముందుకి వచ్చింది. ముఖం ఎర్రగా ఉంది.

“ఇంకోటి కూడా రాయండి. అది చెప్పదు. పాదాల లెక్క ఉంది కదా. చచ్చిన పాదం కదలదు కదండీ. మూడు రోజులు ఇది ఒక కాలు తన దుప్పట్లోంచి పెట్టింది, రెండో కాలు సెరేన్ దుప్పట్లోంచి పెట్టింది. పొద్దున రెండు దెబ్బలు, సాయంత్రం రెండు దెబ్బలు. తనవి తనకి, సెరేన్‌వీ తనకే. దీని కుడి మడమ ఇప్పటికీ సరిగా ఆనదు. ఎందుకు కుంటుతున్నావే అంటే బూటు కరిచిందంటుంది.”

“ఊరుకో హెర్మీ.”

“ఊరుకోను. ఊరుకుంటాననే వచ్చాను.”

మాస్టారు రాయడం లేదు. కలం మొనలో సిరా ఆరిపోతోంది. హెర్మినాని అడిగాడు. “ఎలా పిలిచావు?”

“ఎలా అంటే ఏముందండీ. రోజూ లాగానే.”

“చూపించు.”

హెర్మినా నవ్వడానికి ప్రయత్నించింది. అది నవ్వు కాలేదు. పిరొష్కాని చూసింది. తర్వాత నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, దానికి ముఖం ఆనేంత దగ్గరగా, వాళ్ళిద్దరికీ వీపు పెట్టి నిలబడింది. నలుగురు పిల్లల కోసం రాసిన కూడికలు ఆమె నుదుటి దగ్గరున్నాయి.

నల్లబల్ల దానంతటది అడగదు. అడగాల్సింది ఎవరో పిరొష్కాకి తెలుసు. ఆమె ఒడిలోని గుడ్డమూట మీద వేలు పెట్టింది.

“ఇది ఎవరికి?”

“పిరొష్కాకి.”

“ఇది ఎవరికి?”

“అలెగ్రాకి.”

“ఇది ఎవరికి?”

“నాకు.”

“ఇది ఎవరికి?”

“సెరేన్‌కి!”

ఆ పేరు ఖాళీ బెంచీల మీదుగా వెళ్ళి వెనక గోడకి తగిలింది. మిగతా పేర్ల కంటే గట్టిగా వచ్చింది. హెర్మినా అలాగే గోడవైపు నిలబడి ఉంది. భుజాలు రెండూ చెవుల దాకా లేచి ఉన్నాయి. ఐదో పేరు ఇంకా మిగిలే ఉంది, కానీ పిరొష్కా అడగలేదు.

“గట్టిగా పిలిచావు,” అన్నాడు మాస్టారు.

“షెడ్డు పెద్దకి వినబడాలి కదండీ.” హెర్మినా గోడతోనే చెప్పింది. “మొదటి రోజు అందుకే గట్టిగా పిలిచాను. తర్వాతి రెండు రోజులూ ఎందుకు పిలిచానో నాకు తెలీదు.”

మాస్టారు కలాన్ని మళ్ళీ సిరాలో ముంచాడు. కొట్టివేతలు చేయలేదు. పాత వాక్యాలు అలాగే ఉంచి, వాటి కింద మొదలుపెట్టాడు. హెర్మినా చెప్పింది హెర్మినా పేరుతో రాశాడు. నాలుగు భాగాలు, దారం, రెండు దుప్పట్లు, రెండు పాదాలు. రాస్తున్నంతసేపూ పెదవులు కదిలాయి. పిరొష్కా ఆయన చేతినే చూసింది. అక్షరాలు ఇంకా గుండ్రంగానే ఉన్నాయి, కానీ గీత మీద నిలబడ్డం లేదు. ఒకటి పైకి, ఒకటి కిందికి.

ఆమె ఏదో ఒక మాట కోసం కూర్చుంది. ఆయన కోపగించుకున్నా సరే అనుకుంది. బయటికి పొమ్మన్నా సరే. ఆయన ఆ రెండు మాటలూ అనలేదు. కిటికీ అద్దం మీది వెలుగు పసుపు నుంచి బూడిదరంగుకి మారుతుంటే తలెత్తి చూశాడు.

“పొద్దు పోతోంది,” అన్నాడు. “ఇంక రాయకూడదు.”

ఒక వాక్యం సగంలో ఉంది. ‘నాలుగో రోజు పొద్దున’ అని ఉంది. ఆయన దాన్ని పూర్తి చేయలేదు. సబ్బాతు మొదలయ్యాక రాయకూడదు, దీపమూ వెలిగించకూడదు. రెంటికీ కలిపి ఉన్న సమయం కాస్తే. కలం తుడిచాడు. సిరాబుడ్డికి మూత బిగించాడు. బీరువాలోంచి ఒక గాజు గ్లాసు తీశాడు. అందులో సగం దాకా మైనం, మధ్యలో ఒత్తి ఉంది.

“సోమవారానికని తెచ్చిపెట్టుకున్నాను,” అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

అగ్గిపుల్ల మొదటిది విరిగింది. రెండోది వెలిగింది. గ్లాసుని కిటికీ గట్టు మీద పెట్టి, దాని ముందు చేతులు ఆడించకుండా నిలబడ్డాడు. ప్రార్థనకి పదిమంది మగవాళ్ళు కావాలి. ఈ ఊళ్ళో ఇప్పుడు పదకొండు మంది ఉన్నారు, ఆయనతో కలిపి. కాసేపట్లో వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి.

“ఆదివారం రండి,” అన్నాడు వెనక్కి తిరగకుండానే. “ఇద్దరూ.”

పిరొష్కా లేచి గుడ్డమూటని బల్ల చివర పెట్టింది.  ఆయన దాన్ని చూశాడో లేదో తెలియలేదు.

ఇద్దరూ వీధిలోకి వచ్చారు. హెర్మినా ఈసారి నాలుగడుగులు వెనక నడవలేదు. పిరొష్కా కుడికాలు జారినప్పుడు మోచెయ్యి పట్టుకుంది.

“ఈ రాత్రే మోర్‌కి ఉత్తరం రాసేద్దామనుకున్నాను,” అంది. “సబ్బాతు కాబట్టి బతికిపోయాడు పాపం.”

కొంచెం దూరం పోయాక మళ్ళీ అంది. “ఆ రొట్టె మాస్టారు తింటాడంటావా?”

“తెలీదు.”

“నేనైతే తినను.”

“నువ్వు తిన్నావు.”

“అవును,” అంది హెర్మినా. “తిన్నాను.”

ఆదివారం పొద్దున పదిగంటలకి వాళ్ళు వెళ్ళేసరికి కిటికీ గట్టు మీద గ్లాసు ఖాళీగా ఉంది. అడుగున మసి మరక ఉంది. గదిలో పొయ్యి వెలిగించి ఉంది. వెనక బెంచీ మీద దుమ్ము తుడిచి ఉంది. మాస్టారు గడ్డం గీసుకోలేదు. నిద్రపోయిన మనిషిలా లేడు.

బల్ల చివర తెల్ల గుడ్డ నాలుగు మడతలు పెట్టి ఉంది. పక్కన పుస్తకం తెరిచి ఉంది.

పిరొష్కా గుడ్డ చేతిలోకి తీసుకుంది. తేలిగ్గా ఉంది. మడతలో ఒకచోట గోధుమరంగు పొట్టు ఇరుక్కుని ఉంది. తిన్నాడో, ఎవరికైనా ఇచ్చాడో, పక్షులకి వేశాడో ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు. జూన్ నుంచి ఆయన ఆమెతో మాట్లాడినప్పుడల్లా ఎక్కడో ఒకచోట అమ్మాయ్ అనేవాడు. ఆ మాట శుక్రవారం నుంచి ఆయన నోట రాలేదు. మళ్ళీ వస్తుందని ఎవరూ ఆమెకి మాటివ్వలేదు.

“కూర్చోండి,” అన్నాడు.

హెర్మినా వెనకకి పోలేదు. ముందు బెంచీలో పిరొష్కా పక్కన ఇరుక్కుని కూర్చుంది. మాస్టారు కలం ముంచి, సగంలో ఆగిన వాక్యం దగ్గర మొన పెట్టాడు.

“నాలుగో రోజు పొద్దున,” అని చదివాడు. “చెప్పండి.”

“షెడ్డు పెద్ద లెక్కకి వచ్చింది,” అంది పిరొష్కా. “కర్ర ఎత్తింది. నేను ఒక్క కాలే బయటపెట్టాను.”